గాలి సెన్సరుకి నూనె

పొగ పరీక్ష చేసే షెడ్డులో కూర్చోడానికి ఇనప కుర్చీలు వేశారు గానీ, కుదురుగా కూర్చునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. అద్దానికి అవతల ఒకతను మా కారు సైలెన్సరులో పొడుగాటి గొట్టం దూర్చి యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. ఇన్‌స్పెక్టరు తెర మీద అంకెలు చూసుకుంటున్నాడు. నేను కాలు కాలిన పిల్లిలా ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. మామయ్య మాత్రం అద్దానికి ముక్కు ఆనించి, లోపల మనవడికి పరీక్ష జరుగుతున్నట్టు పెదవులు కదుపుతూ నిలబడ్డారు.

కారు పరీక్ష తప్పింది. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, పొగలో విషవాయువు హద్దు దాటిందని, బాగు చేయించుకుని మళ్లీ రమ్మని చెప్పాడు. మూడోసారి కూడా తప్పితే బండి నంబరు రద్దవుతుందని, ఇంత వయసున్న బండ్లకి రూలు అదేనని కూడా చెప్పాడు. రద్దయిన బండి తుక్కు కిందకే పోతుంది. నేను వాదన పెట్టుకునేలోపు మామయ్య వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరారు.

నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. కాలు విరిగి లేచినవాళ్లని, పక్షవాతంతో ఒక చెయ్యి మాట వినని వాళ్లని, మోకాలు మార్పించుకుని మంచం దిగనని మొండికేసే వాళ్లని నడిపించడం నా ఉద్యోగం. మడత మంచం, కరెంటు పెట్టె, ఇసుక బరువులు అన్నీ ఆ కారు డిక్కీలోనే ఉంటాయి. అది లేకపోతే నేను మూటలు మోసుకుంటూ వీధులు తిరగాలి. పైగా నాకు ముక్కు మీద కోపం. ఉన్నమాట మొహం మీదే అనేస్తాను. పేషెంట్లు ఎదురుగా మేడం అంటారు, వెనకాల రాక్షసి అంటారు. అంటే అన్నారు, నడుస్తున్నారు కదా. ఈ నోటికి ఇంట్లో ఒక్క మనిషి దగ్గర మాత్రం తాళం పడేది. అది మామయ్య దగ్గర.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. నూలు మిల్లులో మిషన్లకి నూనె వేసే పని చేశారు. వయసొచ్చాక మిల్లు వాళ్లు ఇంటికి పంపేశారు గానీ, ఆయన చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పొడుగాటి ముక్కున్న నూనె డబ్బా ఒకటి ఎప్పుడూ ఆయన దగ్గర ఉంటుంది. తలుపు బందులు, ఫ్యాను, కుట్టు మిషను, గేటు, చివరికి నా బ్యాగు జిప్పు, ఏదీ ఆయన చేతి నుంచి తప్పించుకోలేదు. మా ఇంట్లో ఏ తలుపూ చప్పుడు చెయ్యదు. మా ఆయన ఎన్నోసార్లు అలికిడి లేకుండా వెనక నుంచి వచ్చి నా పైప్రాణాలు పైనే పోయేలా చేశాడు.

అత్తయ్య పోయాక ఆ డబ్బా ముట్టుకోవడం మానేశారు. మాతో ఉండడానికి వచ్చి, పొద్దున లేచింది మొదలు కిటికీ పక్కన కూర్చుని గోడ కేసి చూసేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. నేను ఎంతమందిని మంచం మీద నుంచి లేపానో, ఆయన్ని లేపడం నా తరం కాలేదు. ఒకరోజు నా కారు కదలకుండా మొరాయిస్తే, బానెట్ ఎత్తి తిట్టుకుంటూ నిలబడ్డాను. మామయ్య చెప్పులేసుకుని బయటికి వచ్చారు. ఆ రోజు నుంచి కారు ఆయనది. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తడం, తుడవడం, బిగించడం, నూనె వెయ్యడం. మళ్లీ కబుర్లు మొదలయ్యాయి, జోకులు మొదలయ్యాయి, కూరలో ఉప్పు తక్కువైందని దెప్పడం కూడా మొదలైంది. ఆ దెప్పు విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతో.

మా మెకానిక్‌ని మేం నిట్టూర్పు అని పిలుచుకుంటాం. ఏ బానెట్ ఎత్తినా ముందు ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తాడు, తర్వాతే పని. పరీక్ష తప్పిన కారు చూసి రెండు విడిచాడు. గాలి సెన్సరు పోయిందన్నాడు. ఇంజన్ లోపలికి పోయే గాలి దారిలో వెంట్రుకంత తీగ ఒకటి ఉంటుందట. అది వేడిగా ఉండి, ఎంత గాలి వెళ్తోందో కనిపెట్టి చెబుతుందట. ఆ లెక్క తప్పితే పెట్రోలు లెక్క తప్పుతుంది, పెట్రోలు లెక్క తప్పితే పొగ చెడుతుంది. మందు స్ప్రే కొట్టి కడిగి చూశాడు గానీ తీగ కోలుకోలేదు. కొత్తది తెమ్మన్నాడు.

స్పేర్ పార్టుల షాపావిడ బల్ల మీద మూడు పెట్టింది. ఒకటి సీలు వేసిన కంపెనీ పెట్టెలో ఉంది. ఒకటి దాన్ని చూసి తయారుచేసిన డూప్లికేటు. మూడోది తుక్కు యార్డులో ఇలాంటి కారులోంచే ఊడదీసిన పాత ఒరిజినల్.

“ఇది నిజమే చెబుతుంది మేడం,” అంటూ పెట్టె తట్టింది. “ఇది ఒక్కోసారి చెబుతుంది. ఆ పాతది చెప్పినన్నాళ్లు నిజమే చెబుతుంది, ఎన్నాళ్లు చెబుతుందో మాత్రం నన్ను అడక్కండి.”

నేను డూప్లికేటు తీసుకున్నాను. ముసలి కారుకి బంగారు పన్ను ఎందుకన్నది నా వాదన. కొత్త కారు కొనుక్కోమని రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మా ఆయనకి కూడా అదే చెప్పాను. మా ఆయన లెక్కల మాస్టారు. ఇంట్లో ఏది కొన్నా ఎక్కువే ఖర్చయిందంటాడు, ఏది అమ్మినా తక్కువే వచ్చిందంటాడు. ఈ విషయంలో ఆయన మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

సెన్సరు మార్చాక కారు పిల్లిలా నడిచింది. నేను సిగ్నళ్ల దగ్గర దాన్ని మెచ్చుకున్నాను కూడా. ఆదివారం మామయ్య యథాప్రకారం తన పని చేసుకున్నారు. తర్వాతి వారం నుంచి ఇంజన్ ఆగి ఆగి నడవడం, సిగ్నల్ దగ్గర దగ్గడం మొదలైంది. సరే, రెండో పరీక్షలో పొగ మొదటిసారి కన్నా చెడ్డగా వచ్చింది. ఇంకొక్క అవకాశమే ఉందని ఇన్‌స్పెక్టరు గుర్తుచేశాడు. అరికాలి మంట నెత్తికెక్కి నేను తిన్నగా షాపుకి వెళ్లి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ చెక్కు చెదరలేదు. నేనేమీ మోసం చెయ్యలేదు, ఒక్కోసారి చెబుతుందని చెప్పే అమ్మాను కదా అంది. తుక్కు యార్డుది పట్టుకుని నిట్టూర్పు దగ్గరికి పోయాను.

నిట్టూర్పు డూప్లికేటు సెన్సరు బయటికి తీసి, లైటు కింద పెట్టి చూసి, ఈసారి నిట్టూర్చలేదు. తీగ మీద వేలు ఆనించి, ఆ వేలు నా ముందు పెట్టాడు. వేలు మెరుస్తోంది. తర్వాత గాలిని వడకట్టే ఫిల్టరు తీశాడు. మా కారుకి ఉన్నది కాగితం ఫిల్టరు కాదు, కడిగి వాడుకునే గుడ్డ ఫిల్టరు. ప్రతిసారీ కాగితం పారెయ్యడం దండగని మామయ్యే పట్టుబట్టి వేయించారు. కడిగాక దాని మీద కాస్త నూనె చిలకరించాలి, దుమ్ము అంటుకోవడానికి. నిట్టూర్పు ఆ గుడ్డని పిండాడు. బొట్లు బొట్లుగా నూనె నేల మీద పడింది.

“ఇంజన్ గాలి పీల్చినప్పుడల్లా ఈ నూనె కూడా పోయి తీగకి పట్టేస్తోంది. మీరు బంగారంతో చేసిన సెన్సరు తెచ్చినా నెల తిరక్కుండా పోతుంది మేడం. ఎవరు వేస్తున్నారు ఇంత నూనె?”

బయట కారు దగ్గర, నాతో పాటు వచ్చిన మామయ్య ఎవరో స్కూటరు అతనికి చైను ఎలా చూసుకోవాలో చెబుతున్నారు. చెయ్యి తిప్పి చూపిస్తున్నారు, నవ్వుతున్నారు.

“నేనే,” అన్నాను.

నిట్టూర్పు నా గోళ్ల వంక చూశాడు. పేషెంట్లని పట్టుకునే చేతులు, నేను రోజుకి పదిసార్లు కడుక్కుంటాను. అతను ఫిల్టరు కడిగి, ఆరబెట్టి, పాత ఒరిజినల్ బిగించాడు.

దారి పొడుగునా నాలో నేను వాదించుకున్నాను. చెప్పాలి. ఎలా చెప్పాలి? మామయ్యా, కారుని పాడు చేస్తున్నది మీ చెయ్యే, ఆ చెయ్యి తీసేయండి అనా? జన్మంతా చేసిన ఒక్క పనిలో ఆయన పప్పులో కాలేశారని తెలిస్తే, మళ్లీ ఆ కిటికీ పక్కనే కూర్చుంటారు. ఈసారి ఏ కారూ ఆయన్ని లేపలేదు. కారు పోతే బస్సులో తిరుగుతాను, పేషెంట్లు సగం పోతారు, మళ్లీ వస్తారు. మామయ్య పోతే? ఇలా అనుకునేదాన్ని. మళ్లీ మరుక్షణం, కారే లేకపోతే ఆదివారం ఆయన ఏం చేస్తారని ఇంకో భయం. రెండు వైపులా గోతులే. రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లుతుంటే మా ఆయన లేచి, నీకు దోమలు కుడుతున్నాయా అని అడిగాడు.

అందుకని వంకరదారి పట్టాను. మెకానిక్ ఈ బండికి కాగితం ఫిల్టరే వేయమన్నాడని మామయ్యకి చెప్పి, గుడ్డది మార్పించేశాను. కాగితానికి నూనె అక్కర్లేదు, గొడవ వదిలిపోతుందనుకున్నాను. ఆయన ఆ ఫిల్టరు చేతిలోకి తీసుకుని, పాలు లేని తల్లి బిడ్డని చూసినట్టు చూశారు. ఆ ఆదివారం నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, పొడి కాగితం దుమ్మునేం పట్టుకుంటుందమ్మా, నేను సరిచేశాలే అని సంతోషంగా చెప్పారు. చాలా మంచిపని చేశారు మామయ్యా అన్నాను.

ఆ తర్వాత నేను చేసిన పనులు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఒళ్లు మండుతుంది కూడా. నూనె డబ్బా అటక మీద దాచాను. ఆయన దాన్ని వెతికి దించి, అటక మీద ఎవరు పెట్టారో, మీ ఆయనకి మతిమరుపు ఎక్కువవుతోంది అన్నారు. ఆదివారం పొద్దున్నే ఆయన్ని వాకింగుకి తీసుకెళ్లాను. తిరిగొచ్చాక రెట్టింపు ఉత్సాహంతో బానెట్ ఎత్తారు. కొత్త ఫిల్టర్లు నాలుగు కొని సీటు కింద దాచుకుని, సోమవారం సోమవారం పేషెంటు ఇంటి ముందు ఆపి, తెల్లకోటు చేతులు మడిచి, నూనె కాగితం తీసి పొడి కాగితం పెట్టేదాన్ని. తీసినదాన్ని చెత్తకుండీలో వేసి, గాలి దారి అంతా గుడ్డతో తుడిచేదాన్ని. మోకాలు మార్పించుకున్న ఒక ముసలావిడ కిటికీలోంచి ఇదంతా చూసి, రెండు అడుగులు వేయించడానికి నన్ను ఏడిపిస్తావు, నీ కారుకి మాత్రం స్నానం చేయిస్తావు అని దెప్పింది. నేను ఆవిడ చేత ఆ రోజు నాలుగడుగులు ఎక్కువ వేయించాను.

ఎంత తుడిచినా, ఒకరు పోస్తుంటే ఒకరు తుడవడం కుదిరే పని కాదు. మామయ్య ఆదివారంతో ఆగకుండా మధ్యలో కూడా చూస్తున్నారని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు నాలుగు రోడ్ల మధ్యలో ఇంజన్ చప్పున ఆగిపోయింది. వెనక హారన్లు, ముందు పోలీసు. నేను స్టీరింగ్ మీద తల ఆనించి, ఎవరి మీద అరవాలో తెలియక నా మీద నేనే అరుచుకున్నాను. పాత ఒరిజినల్ కూడా పోయింది.

మూడో పరీక్షకి పట్టుమని పది రోజులు లేవు. షాపావిడ నన్ను చూడగానే మాట్లాడకుండా సీలు వేసిన పెట్టె బల్ల మీద పెట్టింది. ముందే ఇది తీసుకోవాల్సింది అని అననందుకు ఆవిడ మీద కొంచెం గౌరవం పుట్టింది. నిట్టూర్పు బిగిస్తూ, ఇక దీని తర్వాత ఇవ్వడానికి ఆవిడ దగ్గరా ఏమీ లేదు, అడగడానికి మీ దగ్గరా ఏమీ లేదు అన్నాడు. నేను ఇంటికి వచ్చే దాకా గేరు మార్చినప్పుడల్లా చెవులు రిక్కించి విన్నాను. నడక బాగుంది. ఎంత బాగుందో అంత భయంగా ఉంది.

పరీక్ష ముందు ఆదివారం నాకు పొద్దున్నే పేషెంటు ఉండి, మామయ్య లేవక ముందే వెళ్లి వచ్చేద్దామనుకున్నాను. ఆవిడ కొడుకు వచ్చి తాళం తీసేసరికే ఆలస్యమైంది. నేను బస్సులో వెళ్లాను, కారుని వీధిలో తిప్పి దుమ్ము పట్టించకూడదని. తిరిగి గేటు తీసేసరికి బానెట్ ఎత్తి ఉంది. ఫిల్టరు మూత పక్కన పెట్టి ఉంది. మామయ్య డబ్బా వంచి, పొడుగాటి ముక్కుని కాగితానికి ఆనించబోతున్నారు.

“వెయ్యకండి!” అని అరిచాను. వీధి చివర దాకా వినబడి ఉంటుంది. “వెయ్యకండి మామయ్యా. ఆ నూనె వల్లే పోతున్నాయి సెన్సర్లన్నీ. తెచ్చినవి రెండు పోయాయి. ఇది కూడా పోతే కారు తుక్కులోకి పోతుంది.”

డబ్బా వంచిన చెయ్యి అలాగే ఆగింది. ఒక్క బొట్టు ముక్కు చివర వేలాడి, ఆయన చెప్పు మీద పడింది. ఆయన నెమ్మదిగా డబ్బా నిటారుగా పెట్టి గోడ మీద ఉంచారు. మూత తీసుకుని ఫిల్టరు మీద పెట్టి బిగించారు. బానెట్ దించారు, చప్పుడు కాకుండా.

“మెకానిక్ చెప్పాడా?” అని అడిగారు.

“చెప్పాడు.”

“ఎప్పుడు?”

రెండో పరీక్ష తప్పినప్పుడని చెప్పాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్లారు. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యడం నేను పూర్తిగా మర్చిపోయాను. మా ఆయన రెండు ముద్దలకే మొహం మాడ్చుకున్నాడు. మామయ్య తినేసి, కంచం కడిగి, బాగుందమ్మా అన్నారు. ఆ బాగుందమ్మా నన్ను చంపినంత పని చేసింది.

తర్వాతి రోజుల్లో ఆయన దేన్నీ ముట్టుకోలేదు. ఫ్యాను కిర్రుమంటున్నా చూడలేదు. పేపరు తెరిచి, ఒకే పేజీ ముందు కూర్చునేవారు. నేను పేషెంటు ఇంటి నుంచి పేషెంటు ఇంటికి పరిగెడుతూ మధ్యలో ఇంటికి ఫోను చేసేదాన్ని. తిన్నారా మామయ్యా అంటే తిన్నానమ్మా. ఏం చేస్తున్నారు అంటే ఏం లేదమ్మా. ఆ ఫోను పెట్టేసి, చెయ్యి ఎత్తనని గునిసే వాళ్ల మీద నా ఉక్రోషమంతా తీర్చుకున్నాను. ఆ వారం నా పేషెంట్లంతా బాగా కోలుకున్నారు.

పరీక్ష రోజు నేను రమ్మని అడగలేదు. అడిగితే రానంటారేమోనని భయం. ఆయన చొక్కా మార్చుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. షెడ్డులో ఈసారి అద్దం దగ్గరికి నేను వెళ్లాను, ఆయన కుర్చీలో కూర్చున్నారు. లోపల గొట్టం దూర్చారు, యాక్సిలరేటరు తొక్కారు. నా కాళ్లు మాత్రం ఆగలేదు. గోడ దాకా వెళ్లి వచ్చాను, అద్దం దాకా వెళ్లి వచ్చాను, నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి తాగకుండా వచ్చాను. తెర మీద గడులు ఒక్కొక్కటే పచ్చగా మారాయి.

ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. ఈ వయసు బండికి ఇంత శుభ్రమైన పొగ తను ఈ మధ్య చూడలేదన్నాడు. మామయ్య వైపు తిరిగి, బండిని మీరేనా పెద్దాయనా చూసుకునేది అని అడిగాడు.

“మా కోడలు చూసుకుంటుంది,” అన్నారు మామయ్య.

కాగితం తీసుకుని బయటికి వచ్చాం. కారు ఆవరణలో ఎండలో నిలబెట్టి ఉంది. పరీక్షకి వచ్చిన బండ్లు వరసగా ఉన్నాయి, డ్రైవర్లు నీడ పట్టున నిలబడి టీ తాగుతున్నారు. నేను స్టార్ట్ చేశాను. ఇంజన్ వణకలేదు, దగ్గలేదు. ఆయన డోరు వేసుకోలేదు. ఒక కాలు బయటే ఉంచి కూర్చున్నారు.

“ఎంత బాగా నడుస్తోందో,” అన్నారు. “నేను ముట్టుకోకపోతే.”

ఏదో ఒకటి అని ఊరుకోబెట్టాలని నోరు తెరిచాను. నూనె కాదు మామయ్యా, ఆ సెన్సర్లే మంచివి కావు, డూప్లికేటుది, తుక్కుది, అంటూ మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“మిల్లులో ఒకసారి బేరింగుకి వెయ్యాల్సిన నూనె బెల్టు మీద పోశాను. బెల్టు జారి ఆ వరసంతా ఆగిపోయింది. మేస్త్రీ అందర్నీ పిలిచి, వాళ్ల ముందు నిలబెట్టి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. చచ్చిపోదామనిపించింది. తిట్టడం అయ్యాక అదే మిషను దగ్గరికి తీసుకెళ్లి, డబ్బా నా చేతిలోనే పెట్టాడు. నువ్వు తిట్టలేదమ్మా. చెప్పనైనా చెప్పలేదు. నేను వేసిన నూనె వారం వారం ఎటు పోతోందో ఇప్పుడు తెలిసింది. మంచం మీద పడ్డవాడి వెనకాల తుడిచినట్టు, నా వెనకాల తుడుచుకుంటూ తిరిగావు.”

ఇంతమందిని మంచం దింపినదాన్ని, ఆయన్ని నా చేతులతోనే మంచం ఎక్కించానని అప్పుడు అర్థమైంది. మాకు చదువులో మొదట నేర్పేది ఒకటే. పేషెంటు చెయ్యగలిగిన పని నువ్వు చేసిపెట్టకు. కొత్తగా చేరినవాళ్లకి నేను రోజూ అదే నూరిపోస్తాను. మామయ్య ఒక తప్పు మోయగలరా లేదా అని నేను ఒక్కసారైనా చూడలేదు. ముందే ఆయన మోయలేరని తేల్చేసి, పక్కన కూర్చోబెట్టాను.

ఇంజన్ ఆపి దిగాను. చుట్టూ తిరిగి ఆయన డోరు వైపు వచ్చి, దిగండి అన్నాను. ఆయన దిగారు. నేను మొదలుపెట్టాను.

నా జన్మలో పెద్దవాళ్లని ఎన్నడూ అలా తిట్టలేదు. జన్మంతా నూనె పట్టుకున్న మనిషికి ఎంత వెయ్యాలో తెలియకపోతే ఎలా అన్నాను. గుడ్డ ఫిల్టరు పెట్టె మీద కొద్దిగా చిలకరించమని ఉంటే, చదవకుండా డబ్బా బోర్లించడమేమిటి అన్నాను. మిల్లులో నూనెతో తడిసే మిషన్లకీ ఇక్కడి కాగితానికీ తేడా లేదా, కాగితానికి ఎవరైనా నూనె పోస్తారా, గాలి పీల్చే దారిలో నూనె పోస్తే మీరు మాత్రం ఊపిరి పీల్చగలరా అన్నాను. మీ వల్ల నాలుగు రోడ్ల మధ్యలో పోలీసు చేత చీవాట్లు తిన్నాను, నా తెల్లకోటు మీది మరక ఇప్పటికీ పోలేదు అన్నాను. టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చాడు. ఒకతను, ముసలాయన్ని అలా అంటారా అమ్మా అని అడ్డు రాబోతే, మీరుండండి అని కసిరాను. తిడుతూనే నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిట్టాను. ఆయన తల వంచుకుని, చేతులు కట్టుకుని, ఒక్కటి కూడా పోనివ్వకుండా విన్నారు.

నాకు ఊపిరి అయిపోయింది. కళ్లు తుడుచుకుని, మర్యాదగా చెబుతున్నాను, వచ్చే ఆదివారం ఆ కాగితం తీసేసి పాత గుడ్డ ఫిల్టరే పెడుతున్నాం, కడిగి నూనె వేసి బిగించాల్సింది మీరే, సెన్సరు ఇంకొక్కటి పోయిందంటే ఇదే చోట నిలబెట్టి మళ్లీ తిడతాను అన్నాను. డ్రైవర్లలో ఎవరో నవ్వారు.

మామయ్య తల ఎత్తారు. కళ్లు తడిగా ఉన్నాయి గానీ, చాలా రోజుల తర్వాత అవి నన్ను సూటిగా చూశాయి. జేబులోంచి చేతిగుడ్డ తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

“సరే. ఎన్ని చుక్కలు వెయ్యాలి?” అన్నారు.